‘ఇంట్లో పూసే బోన్సాయ్’ కొనొచ్చా? ఫుకియన్ టీ మీద మా సమీక్ష

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ నర్సరీల్లో ‘ఇండోర్ ఫ్లవరింగ్ బోన్సాయ్’ అని చీటీ అంటించి అమ్ముతున్నది చాలామటుకు ఒకటే మొక్క: ఫుకియన్ టీ. శాస్త్రీయ నామం కార్మోనా రెటూసా. అడుగు ఎత్తు, ‘ఎస్’ అక్షరంలా వంచిన కాండం, రంగు పింగాణీ కుండీ, పైన తెల్ల గులకరాళ్లు. కాండం మందాన్ని బట్టి 700 నుంచి 1,500 రూపాయల దాకా చెబుతారు, బేరమాడితే కొంత దిగుతారు. మార్కులు వేయమంటే చెట్టుకు పదికి ఎనిమిది, కుండీకీ మట్టికీ కలిపి రెండు, ‘ఇండోర్’ అన్న మాటకు ఐదు. నర్సరీవాడు అమ్మేది సగం చేసిన చెట్టు. మిగతా సగం పని, అందులోనూ నీళ్ల పని, కొన్నవాళ్ల మీదే పడుతుంది. ఈ జిల్లాల్లో ఇది చచ్చిపోయేది ఎక్కువగా నీళ్లతోనే.

ముందు చెట్టు సంగతి. దక్షిణ భారతం నుంచి దక్షిణ చైనా దాకా, ఇంకా తూర్పున ఉన్న దీవుల్లోనూ సహజంగా పెరిగే పొద ఇది. చలిదేశాల్లో దీన్ని ఇంట్లో పెట్టుకునేది మంచుకు తట్టుకోదు కాబట్టి, నీడ ఇష్టమై కాదు. ఆ ‘ఇండోర్’ పేరే మన దాకా వచ్చింది. ఆకు చిన్నది, ముదురు పచ్చ, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, కొసన పళ్ల లాంటి నొక్కులుంటాయి. ఆకు పైభాగాన సన్నటి తెల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి చూసి తెగులు అనుకొని మందు కొట్టి ఆకంతా రాల్చుకునేవాళ్లు ఉన్నారు. గోటితో గీకి చూడండి. ఊడకపోతే అది ఆకు స్వభావమే. పూలు తెల్లవి, ఐదు రేకులవి, చాలా చిన్నవి. మల్లెలా ఇల్లంతా ఘుమఘుమలాడుతుందని ఆశ పెట్టుకోవద్దు. అందమంతా ఒకే కొమ్మ మీద మొగ్గ, పువ్వు, పచ్చికాయ, ఎర్రటి పండు కలిసి కనిపించడంలో ఉంది. బాగా కుదిరిన చెట్టు ఏడాదిలో చాలా నెలలు విడతలు విడతలుగా పూస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది ఆకుల నిగనిగ కాదు. కొందరు లీఫ్ షైన్ (ఆకు మెరవడానికి కొట్టే ద్రవం) కొట్టి పెడతారు. కుండీని పైకెత్తి అడుగున రంధ్రం ఉందో లేదో చూడండి. చాలా పింగాణీ కుండీలకు రంధ్రమే ఉండదు, ఉన్నా టేపుతో మూసి ఉంటుంది. తర్వాత కాండాన్ని మొదట్లో పట్టుకొని మెల్లగా కదపండి. మట్టిలో గలగలా కదిలితే వేరు పట్టలేదన్నమాట, ఈ మధ్యే కుండీలోకి మార్చి ఉంటారు. గులకరాళ్లు జిగురుతో అతికించి ఉన్నాయేమో వేలితో లేపి చూడండి. అతికించి ఉంటే నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, లోపలి మట్టి ఎండే ఉంటుంది. కాండం వంపుల్లో బైండింగ్ వైరు ఇంకా బెరడులో దిగి ఉందేమో చూడండి. ఉంటే ఆ మచ్చ ఏళ్లపాటు పోదు, ధర తగ్గించమనండి. చివరగా ఒక కొమ్మ కింద తెల్లకాగితం పెట్టి రెండుసార్లు తట్టండి. రాలిన దుమ్ములో చుక్కలు నడుస్తుంటే ఎర్రనల్లి ఉన్నట్టే, ఆ మొక్క వదిలేయండి. కొసల్లో లేత చిగురు కనిపిస్తున్న చెట్టు, కాస్త వంకర ఆకారమైనా సరే, చిగురు లేని అందమైన చెట్టు కంటే మేలు.

ఇంటికి తెచ్చిన రెండు మూడు వారాల్లో ఆకులు పసుపెక్కి రాలుతాయి. ఇది దాదాపు ఖాయం. తడి గాలిలో పెరిగిన మొక్క లారీలో వచ్చి, నర్సరీ నీడలో నిలబడి, మన ఇంటి పొడి గాలిలోకి వస్తుంది. ఈ దశలో జనం చేసేది ఎక్కువ నీళ్లు పోయడం, ఎరువు వేయడం, రోజుకో చోటికి మార్చడం. మూడూ తప్పే. కొమ్మ బెరడు గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. వెలుతురున్న ఒక్క చోట పెట్టి, నెల రోజులు కత్తెర, ఎరువు, వైరు ఏదీ దగ్గరికి రానీయకండి.

వెలుతురు విషయంలో నర్సరీవాళ్లు చెప్పే ‘ఎక్కడైనా పెట్టుకోవచ్చు సార్’ నమ్మొద్దు. టీవీ పక్కన, షోకేసులో, మెట్ల కింద ఇది బతకదు. మెల్లగా కొమ్మలు సాగి, ఆకు పలచబడి, లోపలి రెమ్మలు ఎండిపోతాయి. తూర్పు కిటికీకి మూడడుగుల లోపు మంచి చోటు. పరీక్ష తేలిక: పొద్దున పదింటికి కుండీ మీద చెయ్యి అడ్డం పెట్టండి. నీడ అంచు తేటగా పడితే పూస్తుంది, మసకగా పడితే బతుకుతుంది కానీ పూయదు, నీడే పడకపోతే అక్కడ పెట్టొద్దు. కిటికీ దొరకనివాళ్లు 20 నుంచి 30 వాట్ల తెల్ల ఎల్ఈడీని కొమ్మలకు అడుగు పైన వేలాడదీసి రోజుకు 12 గంటలు వెలిగించాలి. పడమటి కిటికీ అద్దం వెనక ఏప్రిల్, మే నెలల్లో పెట్టకండి. బయట 43, 44 డిగ్రీలుంటే అద్దానికీ కుండీకీ మధ్య గాలి ఇంకా వేడెక్కుతుంది, చిన్న కుండీలో వేరు ఉడికిపోతుంది. ఆ రెండు నెలలు గాలి ఆడే వరండాలో, 50 శాతం షేడ్ నెట్ కింద, నాపరాయి గచ్చుకు ఆనకుండా స్టూలు మీద ఉంచడం మేలు. కూలరు ఉన్న గది చెట్టుకు ఇష్టమే కానీ గాలి నేరుగా తగలకూడదు. ఏసీ గాలి తగిలితే మొగ్గలు విచ్చకముందే రాలతాయి. చలికాలంలో మన దగ్గర భయం లేదు, రాత్రి 10 డిగ్రీల కంటే దిగే రోజుల్లో లోపలికి తెచ్చుకుంటే చాలు.

ఇక నీళ్లు. నల్లగొండ జిల్లా పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అయితే ఈ చెట్టు విషయంలో అసలు దొంగ ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్‌కు ఆకు కొసలు మాడేవి డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివి. ఫుకియన్ టీని దెబ్బతీసేది బోరు నీళ్లలోని ఉప్పు, సున్నం, బైకార్బొనేట్లు. టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచేది) పెడితే 1,000 దాటే బోర్లు ఈ వైపు వింతేమీ కాదు. రోజూ ఆ నీళ్లే పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, మట్టి క్షారగుణం పెరుగుతుంది, ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. లేత ఆకు పసుపు రంగులోకి పోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. బత్తాయి తోట ఉన్నవాళ్లకు ఈ ఆకు కొత్తగా చూపించనక్కర్లేదు, అదే జబ్బు ఇక్కడ అరచేయంత కుండీలో వస్తుంది. ముదురు ఆకులు మొత్తంగా పసుపెక్కి రాలితే మాత్రం అది వేరే సంగతి: నత్రజని చాలకనో, వేరు కుళ్లడం వల్లనో.

ఏ నీళ్లు పోయాలి? వాన నీళ్లు అన్నిటికంటే మంచివి, డాబా మీద డ్రమ్ము పెడితే ఇలాంటి రెండు మూడు కుండీలకు వానకాలమంతా వస్తాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు బోరు కంటే చాలా నయం, క్లోరిన్ వాసన ఉంటే ఒక రాత్రి బకెట్‌లో నిలవ పెట్టండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, వాడుకోవచ్చు. ఆర్వో మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లు మాత్రం పోయకండి, బోరులో ఉన్న ఉప్పంతా చిక్కబడి అందులోనే ఉంటుంది. నీళ్లు వృథా కాకూడదన్న మంచి బుద్ధితో చెట్లను చంపుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. బోరు తప్ప గతి లేనివాళ్లు బోరు ఒక వంతు, ఆర్వో మంచినీళ్లు రెండు వంతులు కలపాలి. అదీ కుదరకపోతే 10 లీటర్ల బకెట్‌కు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 2 గ్రాములతో మొదలుపెట్టి, పీహెచ్ కాగితం (నీళ్ల పులుపు, క్షారం చూపేది) ముంచి 6.5 దగ్గరికి వచ్చేదాకా చిటికెడు చిటికెడు పెంచండి. నిమ్మ ఉప్పు క్షారాన్ని విరుస్తుంది కానీ ఉప్పును తీసేయదు. అందుకే బోరు నీళ్లు వాడేవాళ్లు నెలకోసారి కుండీ ఘనపరిమాణానికి మూడింతలు మంచినీళ్లు పోసి అడుగునుంచి కడిగేయాలి.

ఎంత పోయాలన్నదానికి రోజుల లెక్క చెప్పేవాళ్లను నమ్మకండి. చీపురుపుల్ల ఒకటి మట్టిలో రెండంగుళాలు గుచ్చి పది నిమిషాలాగి తీయండి. పుల్ల తడిగా, ముదురు రంగులో వస్తే ఆగండి, సగం ఆరినట్టుంటే పోయండి. ఈ చెట్టు పూర్తిగా ఎండడాన్ని క్షమించదు, ఎప్పుడూ బురదగా ఉండడాన్నీ క్షమించదు. పోసేటప్పుడు అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోసి, పది నిమిషాలాగి మళ్లీ ఒకసారి పోయాలి, మొదటి విడతకు ఎండిన మట్టి నీళ్లు పట్టదు. వరండాలో ఉంటే ఎండకాలం పొద్దున ఒకసారి తప్పదు, సాయంత్రం పుల్ల చూసి రెండోసారి. దసరాకు ఊరెళ్లేవాళ్లు పక్కన బకెట్ పెట్టి నూలు తాడు ఒక కొస నీళ్లలో, ఒక కొస కుండీ మట్టిలో పూడ్చిపెడితే నాలుగు రోజులు గడుస్తుంది. కుండీని నీళ్ల పళ్లెంలో నిలబెట్టి వెళ్లడం మాత్రం వేరును కుళ్లబెట్టడమే.

కుండీతో వచ్చే మట్టి ఈ ఉత్పత్తిలో అన్నిటికంటే నాసి. వేరు చుట్టూ జిగట బంకమన్ను ముద్ద, దాని చుట్టూ కోకోపీట్ నింపుతారు. కోకోపీట్ తడిగా కనిపిస్తుంది, లోపలి ముద్ద రాయిలా ఎండి ఉంటుంది. మొదటి ఏడాదే మార్చేయాలి. మన దగ్గర మంచి అదను రెండు: ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మొదటి రెండు వారాలు, లేదా వానలు కుదుటపడ్డాక జూలై. ఏప్రిల్, మేలో చేస్తే చెట్టు మీద ఆశ వదులుకోవచ్చు.

మట్టి కలపడానికి జపాన్ అకడామా (బోన్సాయ్‌కి వాడే గుళికల మట్టి) తెప్పించక్కర్లేదు. బాగా కాలిన ఇటుక ముక్కలు రెండు పాళ్లు, బేబీ చిప్స్ లాంటి సన్న కంకర ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక పాలు. ముక్కలు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. పిండి జల్లెడలో పట్టి దుమ్మంతా పారేయండి. ఆ దుమ్మే అడుగున చేరి నీటి దారి మూసేస్తుంది. సగం కాలిన ఇటుక తీసుకుంటే ఒక వానకాలానికి మళ్లీ బురదే. పరీక్షకు నాలుగు ముక్కలు రాత్రంతా నీళ్లలో వేసి పొద్దున వేళ్లతో నలపండి. క్రషర్ డస్ట్, బిల్డింగ్ సైటు ఇసుక వద్దు, సిమెంటు కలిసి ఉంటే క్షారం ఇంకా పెరుగుతుంది.

పని చేసే తీరు ఇది. ముందు రోజు నీళ్లు ఆపి, చెట్టును ముద్దతో సహా బయటికి తీసి, సన్న కర్రపుల్లతో అంచుల నుంచి లోపలికి మట్టి రాల్చండి. మొదటిసారి సగం బంకమన్ను తీస్తే చాలు, మిగతాది రెండేళ్లకు. కాండం కింది ముద్దను ఒక్కసారే కడిగేస్తే చెట్టు కోలుకోవడం కష్టం. చుట్టలు తిరిగిన వేళ్లను, కిందికి దిగిన లావు వేరును కోయండి, మొత్తం మీద నాలుగో వంతు మించొద్దు. కొత్త కుండీ రంధ్రాలకు దోమల జాలీ ముక్క, వేరును కుండీకి కట్టేయడానికి రంధ్రాల గుండా వైరు. ఈ కట్టు మరవొద్దు, కదిలే చెట్టుకు కొత్త వేరు నిలవదు. మట్టి పోసి పుల్లతో పొడుస్తూ సందులు నింపి, నీళ్లు తేటగా కారేదాకా పోయండి. మూడు వారాలు నీడలో, ఎరువు లేకుండా. కుండీ లోతు కాండం మొదలు మందం అంత ఉండాలన్నది పాత సూత్రం, మన ఎండలకు దాని కంటే ఒకటిన్నర రెట్లు లోతు పెట్టుకోండి. పోటీకి పెట్టే చెట్టు కాదుగదా.

ఆకారం దిద్దడం ఈ చెట్టుతో హాయి, ఒక్క షరతు మీద: ముదురు కొమ్మను వంచొద్దు. పుటుక్కున విరుగుతుంది. వైరు చుట్టేది ఆకుపచ్చ పోయి గోధుమ రంగు ఇప్పుడిప్పుడే వస్తున్న రెమ్మలకే. అల్యూమినియం వైరు, కొమ్మ మందంలో మూడో వంతు మందం, అంటే ఇంట్లో 1, 1.5, 2 మిల్లీమీటర్లవి ఉంటే సరిపోతాయి. 45 డిగ్రీల వాలుగా, ఆకుల్ని నలపకుండా చుట్టి, వంపు బయటివైపు వైరు ఆనేలా చూసుకొని బొటనవేళ్లతో మెల్లగా వంచండి. ఎండకాలం, వానకాలం ఎదుగుదల జోరు మీద ఉంటుంది కాబట్టి వారానికోసారి చూడండి, రెండు నెలల్లోనే బెరడులో దిగొచ్చు. తీసేటప్పుడు విప్పొద్దు, ముక్కలుగా కత్తిరించి రాల్చండి. పెన్సిలంత కొమ్మను కిందికి దించాలంటే నూలుదారం కట్టి కుండీ అంచుకు లాగి, వారానికి కాస్త బిగించడమే దారి.

వైరు కంటే కత్తెరే దీనికి అసలు పనిముట్టు. దక్షిణ చైనా గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు లింగ్నాన్ పద్ధతి అంటే ఇదే: పెరగనివ్వడం, కోయడం, మళ్లీ పెరగనివ్వడం. రెమ్మ ఏడెనిమిది ఆకులు వేశాక రెండు ఆకుల దగ్గరికి కోయండి. కోత పెట్టిన చోట మిగిలిన చివరి ఆకు ఏ వైపు చూస్తోందో కొత్త రెమ్మ ఆ వైపే పోతుంది. కుడికి కొమ్మ కావాలంటే కుడివైపు ఆకును చివర మిగల్చాలి. పైకొస ఎప్పుడూ బలంగా, కింది కొమ్మలు బలహీనంగా పెరుగుతాయి. కాబట్టి పైన గట్టిగా, కింద చూసీ చూడనట్టుగా కోయండి. ‘ఎస్’ వంపులు రెండూ ఒకే కొలతలో ఉండడం ఈ రెడీమేడ్ చెట్ల దరిద్రం. కింది వంపు బయటివైపు ఉన్న కొమ్మను పొడుగ్గా సాగనిచ్చి, వంపు లోపలివైపు కొమ్మలు తీసేస్తే ఆ ఫ్యాక్టరీ పోలిక చాలావరకు పోతుంది. లావు కొమ్మ తీసిన గాయానికి బత్తాయి తోటల్లో రాసే బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పనికొస్తుంది, నీలిమరక కొన్నాళ్లు భరించాలి. పిల్లలమర్రిలా ఊడలు దిగే చెట్టు కావాలని అడిగేవాళ్లకు ఇది కాదు, వాళ్లు మర్రి జాతి ఫైకస్ కొనుక్కోవాలి.

పూలు లేవని ఫిర్యాదు చేసేవాళ్లలో ఎక్కువమంది చెట్టును మరీ ముద్దుగా కత్తిరించేవాళ్లే. మొగ్గ వచ్చేది కొత్త రెమ్మ మీద. వారంవారం కొస గిల్లితే మొగ్గ కూడా గోటితోనే పోతుంది. ఆకారమూ పువ్వూ ఒకే నెలలో రావు. ఉగాదికి పూత కావాలంటే సంక్రాంతికి చివరి కత్తెర పెట్టి ఆగాలి, రెండు వారాలు అటూ ఇటూ అవుతుంది. ఎదిగే కాలంలో 15 రోజులకోసారి నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ పాళ్లు) లీటరుకు 1 గ్రాము, కత్తెర ఆపాక రెండుసార్లు నత్రజని లేని 0:52:34 అదే మోతాదులో. తడి మట్టికే పోయాలి. బలహీనంగా ఉన్న చెట్టుకు కాయలు నిలవనీయకండి, నాలుగైదు ఉంచి మిగతావి గిల్లేయండి. ఈనెలు పచ్చగా, ఆకు పసుపుగా ఉంటే ఐరన్ ఈడీడీహెచ్ఏ చిలేటు (క్షారపు మట్టిలోనూ వేరుకు అందే ఇనుము మందు) లీటరుకు అర గ్రాము మట్టిలో పోయండి. మామూలు ఈడీటీఏ రకం మన క్షారపు నీళ్లలో త్వరగా నిర్వీర్యమైపోతుంది. ఒకసారి పసుపెక్కిన పాత ఆకు పచ్చబడకపోవచ్చు, మందు పనిచేసిందో లేదో కొత్త చిగురులో చూడాలి.

పురుగుల్లో ఎర్రనల్లి మార్చి నుంచి జూన్ దాకా, పిండినల్లి ఏడాదంతా. పిండినల్లిని స్పిరిట్ ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటిగా తుడవండి. ఎర్రనల్లికి ముందు ఆకుల అడుగు నీళ్ల ధారతో కడిగి, సాయంత్రం వేపనూనె 5 మిల్లీలీటర్లు, గిన్నెల సబ్బు ద్రవం 1 మిల్లీలీటరు లీటరు నీటిలో చిలికి కొట్టండి, వారానికోసారి చొప్పున మూడు వారాలు. ఈ చెట్టు ఆకు మందులకు త్వరగా మాడుతుంది, ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడండి. చేనుకు తెచ్చిన పురుగుమందు డబ్బాలో మిగిలిందని ఇంట్లో కుండీకి కొట్టడం వద్దు, పిల్లలు తిరిగే గది అది.

పోల్చి చెప్పాలంటే, ఇదే ధరకు దొరికే సెరిస్సా పువ్వు దీని కంటే అందం, కానీ మన ఎండకు, నీళ్లకు రెండు మూడింతలు అలుగుతుంది. బోన్సాయ్ పేరుతోనే అమ్మే అడీనియం, కాగితం పువ్వు గట్టివే, అయితే రోజుకు ఆరు గంటల నేరు ఎండ లేకపోతే పూయవు, వాటిని ఇండోర్ అనడం పచ్చి అబద్ధం. మధుకామిని వాసన కోరేవాళ్లకు మంచిది, వెలుతురున్న బాల్కనీ ఉండాలి. ఇంటికి పడమటి కిటికీలు మాత్రమే ఉండి, బోరు నీళ్లు మాత్రమే వస్తుంటే ఆ 1,000 రూపాయలు అడీనియం మీద పెట్టి డాబా మీద ఉంచుకోండి. తూర్పు కిటికీ, భగీరథ నల్లా, వారానికో పూట ఓపిక ఉన్నవాళ్లు ఫుకియన్ టీ నిశ్చింతగా కొనొచ్చు. కొనే రోజే 25 సెంటీమీటర్ల మామూలు మట్టి కుండీ ఒకటి, జాలీ ముక్క, 1.5 మిల్లీమీటర్ల వైరు కలిపి తెచ్చుకోండి. పింగాణీ కుండీ వద్దని అక్కడే చెప్పి చెట్టు ఒక్కటే అడిగితే 200, 300 తగ్గించే నర్సరీలు ఉన్నాయి.